కొత్త మిల్లింగ్ మిషన్ కింద నూనె మడుగు

సాంచె నుంచి నూనె చుక్క బట్ట మీద పడితే ఏమవుతుందో మన ఇండ్లల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెల్లటి టవల్ మీద గోరంత మరక పడ్డా ఆ పీసు సెకండ్స్‌లోకి పోతుంది, కూలీలో కోత పడుతుంది. అందుకే నూనె కారే మిషన్ అంటే మనకు సగం కోపం, సగం భయం. ఇప్పుడు ఆ భయం కార్ఖానా దాటి ఇంట్లోకి కూడా వచ్చింది.

షోలాపూర్, భివండీ, ఇచల్‌కరంజి వైపు మనవాళ్లు కొందరు చిన్న మిల్లింగ్ మిషన్లు కొని ఇంట్లోనే పెట్టుకుంటున్నారు. మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాళ్లు, ఐటీఐ చదివి వర్క్‌షాపుల్లో చేసే పిల్లలు. లేత్ తెలియనివాళ్లు మనలో తక్కువ. లేత్‌లో పని తిరుగుతుంది, టూలు నిలబడి కోస్తుంది. మిల్లింగ్‌లో దానికి ఉల్టా: కట్టర్ తిరుగుతుంది, పని టేబుల్ మీద బిగించి కదుపుతారు. గేరుకు కీవే కోయాలన్నా, బ్రాకెట్ మొహం సాపు చేయాలన్నా ఇదే కావాలి. అమ్మేవాళ్లు దీన్ని హాబీ మిషన్ అంటారు. మన ఇండ్లల్లో హాబీ అన్నది మూడు నెలలు కూడా హాబీగా నిలవదనుకోండి. పక్కింటాయన విరిగిన సాంచె బ్రాకెట్ పట్టుకుని వస్తాడు, ఆ తర్వాత ఇంకొకరు వస్తారు, నెలాఖరుకు చిన్న కూలీ పుస్తకం తయారవుతుంది.

ఆ మిషన్ చాలాసార్లు పీఎఫ్ డబ్బుతో, గ్రాట్యుటీ డబ్బుతో కొన్నది. పెట్టింది కూడా ముందు గదిలోనే, ఒక మూలన. రెండో మూలన ఇంటావిడ తునికాకు తట్ట ముందేసుకుని బీడీలు చుడుతుంటుంది. మిషన్ వచ్చిన వారానికి దాని కింద చేతెడు నూనె మడుగు కనబడితే ఆ ఇంట్లో రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. అమ్మినవానికి ఫోన్ చేస్తే వచ్చే జవాబు దాదాపు అందరికీ ఒకటే: "కొత్తలో అట్లనే కారుతది కాకా, నాలుగు రోజులు తిప్పితే అదే ఆగుతది."

ఆ మాట కొన్నిసార్లు నిజమే, కొన్నిసార్లు పచ్చి అబద్ధం. ఏది ఎప్పుడో తెలియాలంటే ఒకటే దారి. నూనె ఎక్కడ పడిందని కాదు, ఎక్కడ పుట్టిందని వెతకాలి. అది తెలియకుండా స్పానరు గానీ గాస్కెట్ పేస్టు గానీ చేతిలోకి తీసుకోవద్దు.

ముందు మీ మిషన్ ఏ రకమో చూసుకోండి

ఇంటికి వచ్చే చిన్న మిషన్లు ఉరమరగా మూడు రకాలు. మొదటిది బల్ల మీద పెట్టుకునేంత చిన్నది, ఇద్దరు మనుషులు ఎత్తగలిగేది. దాని తలలో బెల్టు ఉంటుంది, లేకపోతే గ్రీజు పూసిన చిన్న గేర్లు ఉంటాయి. ఆ తలలో నూనె నిల్వే ఉండదు. దాని కింద నూనె కనబడిందంటే అది మీరు స్లైడ్‌ల మీద పోసిందే అయ్యుండాలి, లేదా తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిందయ్యుండాలి. దీన్ని లీకు అనడానికే లేదు.

రెండోది గేరు తల మిషన్. స్తంభం మీద పెద్ద ఇనుప పెట్టె, ముందర రెండు మూడు లివర్లు, పక్కన గుండ్రటి చిన్న గాజు. ఆ పెట్టెలో గేర్లు నూనెలో మునిగి తిరుగుతూ చిందులు కొడతాయి. ఎక్కువ గొడవలు దీనితోనే కాబట్టి ఎక్కువ మాటలు కూడా దీని గురించే చెబుతాను.

మూడోది వర్క్‌షాపుల్లో ఎం1టీఆర్ అని పిలిచే టరెట్ మిషన్ లాంటిది, దాని చిన్న నమూనాలు. పక్కన ఒక చేతి పంపు ఉంటుంది. పొద్దున ఒకసారి గుంజితే సన్నటి గొట్టాల గుండా నూనె అన్ని స్లైడ్‌లకూ పోతుంది. ఆ నూనె తిరిగి పంపులోకి రాదు. స్లైడ్ తడిపి, అంచుల నుంచి బయటికి జారి, ట్రేలో పడుతుంది. అది కారడం కాదు, దాని పద్ధతే అంత. సాంచె బేరింగులకు పొద్దున్నే నూనె డబ్బాతో చుక్కలు వేస్తాం కదా, ఆ నూనె సాయంత్రానికి ఎక్కడికి పోతుంది? ఇదీ అంతే. ఇట్లాంటి మిషన్ కింద నూనె అసలే కనబడకపోతే భయపడాలి, గొట్టం మూసుకుపోయి స్లైడ్ ఎండిపోతున్నదేమోనని.

ఆ చేతి పంపు హ్యాండిల్ చూసే సగం రోగం చెప్పొచ్చు. గుంజి వదిలితే అది మెల్లమెల్లగా వెనక్కి పోవాలి. టక్కున పోయిందంటే లోపల ఎక్కడో గొట్టం ఊడింది లేదా పగిలింది, నూనె స్లైడ్‌కు చేరకుండా దారిలోనే పోతున్నది. అసలు కదలకుండా నిలబడితే దారి మూసుకుపోయినట్టు. గొట్టం ఊడిన చోట చిన్న ఇత్తడి నట్టు ఉంటుంది. దాన్ని వేలితో తిప్పినంత తిప్పి, ఆ తర్వాత స్పానరుతో కొంచెం బిగిస్తే చాలు. బలం చూపిస్తే లోపలి రింగు నలిగి లీకు ఇంకా పెద్దదవుతుంది.

పైనుంచి కిందికి వెతకాలి

నూనెకు రెండు గుణాలు. కిందికి జారుతుంది, పక్కకు పాకుతుంది. తల మీద మూతలో పుట్టిన తడి, స్తంభం వెంబడి జారి, బోల్టు తలలను చుట్టి, అడుగున డ్రెయిన్ బోల్టు దగ్గర చుక్కగా వేలాడుతుంది. చూసినవాళ్లు డ్రెయిన్ బోల్టే కారుతున్నదని దాన్ని బిగిస్తారు. రేపు మళ్లీ చుక్క. ఇంకా బిగిస్తారు. పోత ఇనుములో థ్రెడ్ పోయిందాకా బిగిస్తారు.

అందుకని మొదటి పని తుడవడం. ప్లగ్గు సాకెట్ నుంచి తీసేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే తీయాలి. వేస్ట్ కాటన్ కిరోసిన్‌లో తడిపి, పిండి, మిషన్ తలను పైనుంచి కిందిదాకా తుడవండి. బీడీ, పొయ్యి, దీపం ఆ గదిలో ఉండకూడదు. తర్వాత పొడి గుడ్డతో మళ్లీ తుడవండి. బోల్టు తలల గుంటల్లో, లివర్ల వెనక, రెండు ముక్కలు కలిసే గీతల్లో నిలిచిన నూనెను కాగితం ముక్కతో పీల్చండి. గంటసేపు ఆరనివ్వండి. ఇప్పుడు పిల్లల పౌడర్ గానీ మెత్తగా నూరిన సుద్ద గానీ తీసుకుని అనుమానం ఉన్న చోట్ల పల్చగా చల్లండి. కింద అట్టముక్క పరిచి, దాని మీద మిషన్ అడుగు ఆకారం పెన్సిల్‌తో గీయండి. చుక్క ఏ భాగం కింద పడిందో రేపు ఆ గీత చెబుతుంది.

మొదటి రాత్రి మిషన్ నడపకుండా వదిలేయండి. పొద్దున చూస్తే పౌడర్ తడిసిందా? తడిస్తే నిలబడి ఉన్నప్పుడే కారుతున్నదన్నమాట. అంటే నూనె మట్టం కంటే కింద ఉన్నది ఏదో వదులైంది: డ్రెయిన్ బోల్టు, గాజు, అడుగు సీల్, లేదా పోతలో రంధ్రం. రాత్రంతా పొడిగా ఉండి, అరగంట నడిపాక తడిస్తే అప్పుడు కథ వేరు. చిందు వల్లనో, వేడికి లోపల పుట్టే ఒత్తిడి వల్లనో నూనె వస్తున్నది. మట్టం కంటే పైనున్న మూతలను, లివర్ల ఇరుసులను, గాలి రంధ్రాన్ని చూడాలి. ఈ ఒక్క తేడా తెలిస్తే వెతికే చోట్లు సగం తగ్గిపోతాయి.

నడిపేటప్పుడు తక్కువ స్పీడు మీద, కట్టర్ తీసేసి నడపండి. తిరిగేదాని దగ్గర వేలు, గుడ్డ, కొంగు, లుంగీ అంచు ఏదీ పోవద్దు. టార్చ్ వేసి కళ్లతో చూడండి, చేత్తో తడమొద్దు. అన్నిటికంటే పైన ఎక్కడ మొదట తడిసిందో అదే దొంగ. దాని కింద తడిసినవన్నీ ఆ దొంగ వెనక నడిచినవే.

నూనె రంగు, జిగట కూడా చూడండి. వేళ్ల మధ్య సాగే జిగట నూనె స్లైడ్‌లది. గోధుమ రంగులో మైనంలా ఉన్నది ఫ్యాక్టరీలో తుప్పుకు పూసినది. చల్లటి గోదాములో గడ్డగా ఉన్న ఆ పూత మన షోలాపూర్ ఎండల్లో, రేకుల కప్పు కింద, కరిగి బొట్టుబొట్టుగా జారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మిషన్ తెచ్చుకున్నవాళ్లు దీన్ని చూసి ఊరికే హడలిపోతారు. పాలలాగా తెల్లగా ఉంటే అది కటింగ్ కూలెంట్, ట్రే మూల నుంచి వచ్చిందన్నమాట.

ఎంత పోతున్నదో కూడా లెక్కపెట్టండి, లేకపోతే భయం లెక్క లేకుండా పెరుగుతుంది. సీసా మూత కింద పెట్టి ఒక రాత్రి వదిలేయండి. నూనె చుక్కలు 30 కలిస్తే ఉరమరగా ఒక మిల్లీలీటరు అనుకుందాం. నిమిషానికి ఒక చుక్క అంటే రోజుకు 1440 చుక్కలు, దాదాపు 48 మిల్లీలీటర్లు, నెలకు లీటరున్నర దాకా. గేరు పెట్టె తొందరలోనే ఎండిపోతుంది, అది ఆగాల్సిన లీకే. అదే రోజంతటికీ నాలుగు చుక్కలైతే నెలకు 4 మిల్లీలీటర్లు. దానికి రేకు ట్రే చాలు, తల విప్పక్కరలేదు.

గేరు పెట్టె కథ

మా వాడలో ఒక పెద్దమనిషి గేరు తల మిషన్ తెచ్చుకున్నాడు. ఫ్యాక్టరీ నుంచి నూనె లేకుండా వచ్చింది, తానే పోసుకున్నాడు. గాజు పైదాకా, అంచుదాకా పోశాడు. నూనె తక్కువైతే మిషన్ చెడుతుంది, ఎక్కువైతే ఏమవుతుంది అనుకునేవాళ్లం కదా అందరమూ. నడిపించిన గంటకు తల మీద చిన్న రంధ్రం నుంచి నురగ వచ్చింది. లీకు అనుకుని ఆ రంధ్రం మీద గాస్కెట్ పేస్టు మెత్తాడు. మర్నాడు స్పిండిల్ వెంబడి కారడం మొదలైంది. మూతల చుట్టూ మెత్తాడు. కారడం ఆగలేదు, పెరిగింది.

వారం తర్వాత మిల్లులో ఆయనతో పాటు చేసిన ఇంకో ఫిట్టర్, వరసకు బావ అయ్యేటాయన, చూడడానికి వచ్చాడు.

"ఈ తూటు ఎందుకు మూసినవ్ బావా?"

"దాంట్లకెళ్లి నూనె వస్తున్నది మరి."

"అది నూనె తూటు కాదు, గాలి తూటు. ముక్కు మూస్తే నోట్లకెళ్లి ఊపిరి తీస్తది మిషన్ గూడ."

జరిగింది సరిగ్గా అదే. గేర్లు తిరిగితే పెట్టె వేడెక్కుతుంది, లోపలి గాలి ఉబ్బుతుంది. ఆ గాలి బయటికి పోవడానికి పైన ఒక చిన్న రంధ్రమున్న బోల్టు పెడతారు. దాన్నే బ్రీదర్ అంటారు. అది మూసుకుపోతే గాలి సీల్ పెదవులను తోసుకుని నూనెతో సహా బయటపడుతుంది. కొన్ని మిషన్లలో దారిలో నూనె ఒలకకుండా బ్రీదర్ చోట మామూలు బోల్టు బిగించి పంపుతారు, అసలుది సామాన్ల సంచిలో ఉంటుంది. మార్చుకోవాల్సింది మనమే. ఆ సంచిని చాలామంది విప్పకుండా అటకెక్కిస్తారు.

పరీక్ష సులభం. మిషన్ వేడెక్కిందాకా నడిపి, ఆపి, ప్లగ్గు తీసి, నూనె పోసే మూత మెల్లగా విప్పండి. ఉస్సుమని గాలి వచ్చిందంటే బ్రీదర్ మూసుకుంది. సూదితో పొడిచి, కిరోసిన్‌లో కడిగి పెట్టండి.

మట్టం మాటకొస్తే, మిషన్ ఆపి, తల నిటారుగా ఉంచి, పది పదిహేను నిమిషాలు ఆగి చూడాలి. చాలా మిషన్లలో గాజు మధ్యదాకా ఉండాలి, గాజు మీద ఎర్ర గీత ఉంటే ఆ గీత దాకా. నడుస్తున్నప్పుడు నూనె చిందై గాజు మీద పైకీ కిందికీ ఆడుతుంది, ఆ మట్టం లెక్కలోకి రాదు. వాలు కోత కోసం తలను పక్కకు వంచిన మిషన్‌లో కూడా గాజు అబద్ధం చెబుతుంది. పైగా ఒరిగిన వైపు సీల్ మీదికి, ఒక్కోసారి బ్రీదర్ దాకా, నూనె వచ్చి నిలబడుతుంది. ఆ పెద్దమనిషి మిషన్‌లో మట్టం గాజు మధ్యకు దించేసరికి అర లీటరు దాకా నూనె బయటికి వచ్చింది. బ్రీదర్ శుభ్రం చేశారు. రెండు రోజులకు కారడం ఆగింది. మెత్తిన పేస్టు గీకడానికి మాత్రం వారం పట్టింది.

టెంపోలో పడుకోబెట్టి తెచ్చిన మిషన్‌కు ఇంకో సంగతి. ఒరిగినప్పుడు నూనె పోకూడని చోటికి, పై బేరింగుల్లోకి, మోటారు కూర్చునే గుంటలోకి పోతుంది. నిలబెట్టాక అది మూడు నాలుగు రోజులు జారుతూనే ఉంటుంది. అమ్మినవాడు చెప్పే "అదే ఆగుతది" అన్న మాట ఇక్కడ నిజం. రోజురోజుకూ అట్టముక్క మీద మరక చిన్నదవుతూ ఉంటే ఆగండి. అట్లనే ఉంటే, లేదా పెరిగితే, ఆ మాట నమ్మొద్దు.

ఇక డ్రెయిన్ బోల్టు. దాని కింద రాగి వాషరో, అల్యూమినియం వాషరో, రబ్బరు అతికిన వాషరో ఉండాలి. కొన్నిట్లో అదే ఉండదు, కొన్నిట్లో ఉన్నా కింద రంగు పెచ్చు ఇరుక్కుని ఉంటుంది. నూనె గిన్నెలోకి దించుకుని, బోల్టు తీసి, కూర్చునే చోట రంగు గీకి, కొత్త వాషర్ వేస్తే సరిపోతుంది. కోసుగా ఉండే థ్రెడ్ బోల్టు అయితే వాషర్ అక్కరలేదు, రెండు మూడు చుట్లు టెఫ్లాన్ టేపు చుట్టాలి. చుట్టేటప్పుడు బోల్టు బిగిసే దిక్కుకే చుట్టాలి, టేపు ముక్క లోపలికి పోనివ్వొద్దు. గాజు చుట్టూ కారితే దాని వెనక ఓ-రింగు చూడండి. గాజును మాత్రం స్పానరు పెట్టి బలంగా తిప్పొద్దు, చాలావాటిలో అది గాజు కాదు, ప్లాస్టిక్.

ఎక్కువమంది పట్టించుకోనిది బోల్టుల దారి. తలను పట్టి ఉంచే కొన్ని బోల్టుల రంధ్రాలు పోతలో ఆరపార వేసి ఉంటాయి, అంటే బోల్టు కొస గేరు పెట్టెలోకి తేలుతుంది. నూనె ఆ థ్రెడ్ చుట్లు ఎక్కి బయట బోల్టు తల కింద తేమగా కనబడుతుంది. దీనికి ఎంత బిగించినా లాభం లేదు. ఒక్కొక్కటే, అన్నీ ఒకేసారి కాదు, తీసి థ్రెడ్ తుడిచి కొంచెం థ్రెడ్ సీలెంట్ పూసి మళ్లీ బిగించాలి. రెండోది తీసేలోపు మొదటిది బిగిసి ఉండాలి.

లివర్ల ఇరుసుల దగ్గర తడి ఉంటే లోపల చిన్న ఓ-రింగు కోసుకుపోయిందని అర్థం. కొత్తదానిలో కూడా ఇది మామూలే. కీవే అంచు పదునుగా ఉండి, బిగించేటప్పుడే రబ్బరును కోసేస్తుంది. కొత్తది వేసేటప్పుడు అంచును సన్నటి ఆకురాయితో కొంచెం మొద్దు చేయండి.

అన్నిటికంటే కష్టమైనది స్పిండిల్ దిగే చోట ఉండే ఆయిల్ సీల్. ముందు ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. క్విల్ బయటి ఒంటికి నూనె మనమే పూస్తాం, అది కిందికి జారడం సహజం. దాన్ని పూర్తిగా తుడిచి, నూనె పూయకుండా ఒక గంట నడిపి చూడండి. అయినా స్పిండిల్ కొసన చుక్క వచ్చిందంటే అప్పుడు సీల్‌ను అనుమానించాలి. సీల్ మీద 30-47-7 లాంటి మూడు అంకెలు ఉంటాయి. మొదటిది ఇరుసు మందం, రెండోది సీల్ కూర్చునే గుంత వెడల్పు, మూడోది సీల్ లోతు, అన్నీ మిల్లీమీటర్లలో. ఈ అంకెలు రాసుకుని పోతే బేరింగుల దుకాణంలో దొరుకుతుంది, ముంబైలో నాగ్‌దేవి వీధి అయినా మన ఊరి బజారైనా. సీల్ లోపల సన్నటి స్ప్రింగు రింగు ఉంటుంది. ఆ స్ప్రింగు కనబడే వైపు నూనె దిక్కు ఉండాలి. తిరగేసి వేసిన సీల్, స్ప్రింగు జారిపోయిన సీల్, పొడిగా తోయడంతో పెదవి మడతపడ్డ సీల్, ఇవి మూడూ కొత్త మిషన్లలో కూడా వస్తాయి. పెదవికి నూనె రాసి, ఇరుసు పదును మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి జార్చాలి.

అయితే ఈ పనికి తల విప్పాలి. వారంటీ ఉండగా విప్పొద్దని నా మాట. ఎందుకో కింద చెబుతాను.

పోత ఇనుములోనే సన్నటి రంధ్రాలుంటే నూనె చెమట పట్టినట్టు రంగు కింద నుంచి ఊరుతుంది, రంగు బుడగలా లేస్తుంది. ఎం-సీల్ మెత్తితే పైపైన ఆగుతుంది గానీ నూనె పీల్చిన ఇనుముకు ఏదీ సరిగా అంటదు. ఇది మనం బాగుచేయాల్సింది కాదు. మిషన్ ఇచ్చినవాడు మార్చి ఇవ్వాల్సింది.

ఏ నూనె పోశారన్నది కూడా చూసుకోవాలి. ఐఎస్ఓ వీజీ 68 అంటే 40 డిగ్రీల వేడి దగ్గర ఆ నూనె చిక్కదనం ఉరమరగా 68 అని. అంకె తగ్గితే పల్చన, పెరిగితే చిక్కన. మాన్యువల్‌లో 68 అని ఉంటే 32 పోయొద్దు, మన ఎండల్లో అది నీళ్లలా సందుల్లోంచి జారుతుంది. స్లైడ్‌లకు సర్వోవే 68 లాంటి జిగట నూనె, గేరు పెట్టెకు మాన్యువల్ అడిగినది. మోటారు సైకిల్ ఇంజను నూనె ఇంట్లో ఉంది కదా అని పోసేయొద్దు. మొదటి నూనెను మాన్యువల్ చెప్పిన గంటలకు తప్పక మార్చండి. కొత్త పెట్టెలో గేర్ల రజను, పోత ఇసుక ఉంటాయి. అవే సీల్ పెదవిని కోసేది.

ఒంటికి, ఇంటికి

కారిన నూనె మీద రంపపు పొట్టు చల్లి, పీల్చాక ఊడ్చి, సబ్బు నీళ్లతో కడగండి. సిమెంటు నేల మీద పల్చటి నూనె పొర కంటికి కనబడదు, నీళ్ల బిందెతో నడిచే మనిషికే తెలుస్తుంది. నూనె పీల్చిన కాటన్‌ను మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి. దూది, నూనె, నిప్పురవ్వ కలిస్తే ఏమవుతుందో మిల్లువాళ్లకు ఎవరూ చెప్పక్కరలేదు. పాత నూనెను మోరీలో పోయకుండా డబ్బాకెత్తి పాత నూనె కొనేవాళ్లకు ఇవ్వండి.

నూనె తడిసిన లుంగీ, ప్యాంటు అట్లనే కట్టుకుని రోజంతా ఉండడం మనవాళ్ల అలవాటు. ఇంగ్లండులో లాంకషైర్ నూలు మిల్లుల్లో మ్యూల్ మిషన్ల స్పిండిళ్ల నుంచి చిందే నూనె ఏండ్ల తరబడి తొడల మీద బట్టలను తడిపి, ఆ కార్మికులకు మర్మాంగం దగ్గర చర్మ క్యాన్సర్ తెచ్చింది. 1953లో అక్కడి ప్రభుత్వం ఆ మిల్లుల కోసం ప్రత్యేక నిబంధనలే తెచ్చింది. ఇప్పటి నూనెలు అప్పటికంటే బాగా శుద్ధి చేసినవి. అయినా నూనె తడిసిన బట్ట ఆ పూటే మార్చేయండి, చేతులు కిరోసిన్‌తో కాక సబ్బుతో కడగండి.

వారంటీ కాగితం

మిషన్ తలలో సీల్, పోత, గేర్లు చెడి ఉంటే ఖర్చు మనది కాదు. కానీ మనం విప్పి చూశామంటే అమ్మినవాడికి సాకు దొరుకుతుంది. కాబట్టి తుడవడం, మట్టం చూడడం, బ్రీదర్ శుభ్రం చేయడం మనం చేసుకోవచ్చు. తల విప్పాల్సినది ఏదైనా ముందు రాతపూర్వకంగా అడిగి చేయాలి. ఫోన్‌లో చెప్పిన మాట గాలికి పోతుంది. వాట్సాప్‌లో అయినా సరే, తేదీతో రాసి పంపండి: ఎన్నడు కొన్నాం, ఎన్నడు కారడం మొదలైంది, ఎక్కడ తడి, రోజుకు ఎంత.

"ఇది హాబీ మిషన్, నువ్వు ధంధా చేస్తున్నవ్, వారంటీ లేదు" అని కొందరు దుకాణందార్లు దబాయిస్తారు. వారంటీ కాగితంలో ఏముందో కొనేముందే చదువుకోవాలి, అది వేరే మాట. వినియోగదారుల చట్టం, 2019 మాత్రం వ్యాపారం కోసం కొన్నవాళ్లను పక్కన పెడుతూనే, తన బతుకుతెరువు కోసం స్వయం ఉపాధిగా తానే వాడుకునే సామాను కొన్న మనిషిని వినియోగదారుగానే లెక్కిస్తుంది. ఒక్క మిషన్ పెట్టుకుని తన చేతులతో పనిచేసే రిటైరైన ఫిట్టర్ ఆ లెక్కలోకి వస్తాడు. అదే పదిమంది జీతగాళ్లను పెట్టి నడిపే కార్ఖానాదారు రాడు.

మొదట 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తెగకపోతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు. గొడవ మొదలైన నాటి నుంచి రెండేండ్ల లోపు వేయాలి. మిషన్ ముంబైలో కొన్నా, కోయంబత్తూరులో కొన్నా, మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. మిషన్‌కు కట్టిన సొమ్ము 5 లక్షల లోపుంటే ఫిర్యాదుకు ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు.

కావాల్సింది బిల్లు, వారంటీ కార్డు, పంపిన మెసేజులు, ఫోటోలు. పౌడర్ చల్లిన తల ఫోటో ఒకటి, తడిసిన తర్వాత అదే చోటిది ఇంకొకటి, పెన్సిల్ గీతలతో అట్టముక్క ఒకటి, మిషన్ వెనక రేకు మీద కొట్టిన సీరియల్ నంబరు స్పష్టంగా కనబడేటట్టు మరొకటి. ఆ రేకును తుడిచి తీయండి, మొదట నూనె పట్టేది దాని మీదే.